రెండో కుండ పొంగలి

ఈమధ్య నేను మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఎక్కడం మానేశాను. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగి, ఆయాసపడుతూ ఇల్లు చేరుతుంటే, చూసినవాళ్ళు డాక్టరు గారు నడవమన్నారు కాబోలనుకుని, ఈ వయసులో కూడా ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకుంటున్నారు. అసలు సంగతి అది కాదు. లిఫ్టులో అద్దం పక్కన ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒక కాగితం అంటించారు. ఒకరి విశ్వాసాలను ఒకరం గౌరవించుకుందామనీ, పండుగలకూ వ్రతాలకూ ఇంటింటికీ వంటకాలు పంచే పద్ధతికి ఇక స్వస్తి పలుకుదామనీ, ఎవరి మనోభావాలూ నొప్పించకుండా కలిసిమెలిసి ఉందామనీ అందులో ఉంటుంది. ఆ కాగితం రాసింది నేనే. బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని గనక వాక్యం ఎక్కడా కుంటుపడలేదు, ఒక్క అక్షరదోషం లేదు. అది చదివినప్పుడల్లా నా మొహం నాకే చూడబుద్ధి కాదు. పక్కనే అద్దం కూడా ఉంటుంది గదా, అందుకని మెట్లే మేలనుకున్నాను.

ఈ మాట నా ఈడువాళ్ళతోనే చెప్పుకోవాలనిపించింది. ఎందుకంటే ఇది అర్థం కావాలంటే దడి అవతల నుంచి అరిచి పోట్లాడుకుని, సాయంత్రానికి అదే దడి మీదుగా కూరగిన్నె అందుకున్న రోజులు తెలిసి ఉండాలి. ఇప్పటి పిల్లలకు చెబితే అందులో పోట్లాట ఒక్కటే వినపడుతుంది.

మేం క్రైస్తవులం. మా నాన్న మైపాడు పక్కన ఒక పాలెంలో మా సంఘం వాళ్ళు నడిపిన చిన్న బడికి అయ్యవారు. ఆదివారం నాడు అదే గదిలో బల్లలు పక్కకు జరిపి ప్రార్థన జరిపించే ఉపదేశి కూడా ఆయనే. మెట్ట పల్లె నుంచి వచ్చిన మనిషి, సముద్రం అంతకుముందు చూసి ఎరగడు, వచ్చిన కొత్తలో ఏ చేప ఏదో తెలియక అడిగినవాళ్ళందరికీ నవ్వులాట అయిపోయాడట. మాది తాటాకు కప్పు ఇల్లు, పక్కిల్లూ అలాంటిదే, మధ్యన కంపదడి. ఆ పక్కింటావిడ మా అమ్మకంటే పెద్దది గనక నాకు పెద్దమ్మ అయింది, పడవ నడిపే ఆమె భర్త పెద్దనాన్న అయ్యాడు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదైన వాళ్ళమ్మాయి నాకు అక్క. రక్తసంబంధం ఏమీ లేదు. పెద్దమ్మ గొంతు గురించి మాత్రం చెప్పకుండా ముందుకు పోలేను, ఆమె రహస్యం చెబుతోందంటే వీధి చివర వలలు బాగుచేసుకునే వాళ్ళు కూడా పని ఆపి వినేవాళ్ళు.

ఏటా పడవలు వేటకు దిగే ముందు ఆ పాలెంలో ఆడవాళ్ళు గంగమ్మకు పొంగలి పెట్టేవాళ్ళు. ఇసకలో మూడు రాళ్ళ పొయ్యి, మెడకు పసుపు పూసి వేపాకు కట్టిన కొత్త కుండ, బియ్యం, పెసరపప్పు, బెల్లం. అది పొంగి, తల్లి ముందు పెట్టి, టెంకాయ కొట్టాక గానీ ఎవరూ నోట పెట్టకూడదు. మా వాళ్ళు ఆ ఊరు వచ్చిన మొదటి ఏడు, పెద్దమ్మ ఆకు కప్పిన గిన్నెతో పొంగలి తీసుకుని మా గడప ముందుకు వచ్చిందట. నాకప్పటికి ఊహ తెలియదు, అమ్మ పదే పదే చెప్పగా కళ్ళారా చూసినట్టే అయిపోయింది. మా నాన్న లేచి, ఆమెకు చేతులు జోడించి, దేవతకు పెట్టింది మేం తినమక్కా, నిన్ను తక్కువ చేసి కాదు, అది నా నియమం అని మొహం మీదే చెప్పేశాడు. వచ్చి పట్టుమని నెల కాలేదు, నీళ్ళకూ నిప్పుకూ ఆ ఇంటి మీదే ఆధారం, తీసుకుని లోపల పెట్టేస్తే ఏం పోయె, తిన్నామో లేదో ఎవరొచ్చి చూస్తారు అని అమ్మ ఏడుపు.

పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు. గిన్నె నడుమున పెట్టుకుని అక్కడే నిలబడి అడిగిందట.

"తల్లి ముందర పెట్టింది తిననంటివి. పెట్టకముందే తీసి ఇస్తే తల్లికి ఎంగిలి పెట్టినట్టు. ఇంక నీకు నేను ఎట్టా పెట్టేది అయ్యోరూ?"

నాన్న దగ్గర దానికి జవాబు లేదు. లేదనే చెప్పాడు. ఆ తర్వాత చాలా రోజులు దడి అవతల నుంచి ఇవతలికి ఆ పోట్లాట నడుస్తూనే ఉందట. మా తల్లి సొమ్ము తింటే నీ దేవుడు అలుగుతాడా అని ఆమె, అలుగుతాడో లేదో నాకు తెలియదక్కా, నేను మాటిచ్చాను అని ఈయన. మాటిచ్చాను అన్న దగ్గర మాత్రం ఆమె కాస్త తగ్గేదట. ఆ పాలెంలో మాటిచ్చినవాడు ఎంత గాలిలోనైనా పడవ దగ్గరికి రావలసిందే, ఆ కట్టుబాటు ఆమెకు తెలుసు.

మరుసటి ఏడు ఆమె రెండో కుండ తెచ్చింది. తల్లికి మొదటి కుండ పెట్టి, టెంకాయ కొట్టి, అంతా అయ్యాక, పక్కన వేరే మూడు రాళ్ళు వేసి, వేరే బియ్యం, వేరే బెల్లంతో మాకోసం ఇంకో పొంగలి వండడానికి కూర్చుంది. కూర్చుని, అంతలో అనుమానం వచ్చి, మొదటి పొయ్యిలో నిప్పు ఈ పొయ్యికి తీసుకుంటే అయ్యోరికి ఏమన్నా పట్టింపు ఉందేమో కనుక్కురమ్మని పెద్దనాన్నను పంపింది. మా నాన్న ఆ సంగతి ఎన్నడూ ఆలోచించి ఎరగడు. ఇసకలోనే అటూ ఇటూ తిరిగి, పుస్తకం తెరిచి చూసి, పెద్దనాన్న చుట్ట కాల్చడం అయ్యేదాకా నిలబెట్టి, చివరికి నిప్పు ఎవరి సొత్తూ కాదు, తీసుకోమను అని చెప్పి పంపాడు. అది చెప్పుకుని ఆ వీధంతా ఎన్నేళ్ళు నవ్విందో.

కుండ దించి తనే మోసుకొచ్చి మా గడపలో పెట్టి, ఇది మా తల్లి చూడలేదు, మీ దేవుడూ చూడలేదు, నువ్వే చూసుకో అంది పెద్దమ్మ. నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆయన కళ్ళు తెరిచి మొదటి ముద్ద నోట పెట్టేదాకా ఆమె నడుం మీద చెయ్యేసుకుని కాపలా ఉంది. ఆ ఏటి నుంచి ఏటా రెండు కుండలే. రెండో కుండలో బెల్లం ఎప్పుడూ ఎక్కువే పడేది, అందుకని అక్క మొదటి కుండది ముగించి పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చి నాతో పాటు మళ్ళీ తినేది.

మా అమ్మ వైపు నుంచీ ఇలాంటివి ఉండేవి. పెద్దమ్మ శనివారం నీచు ముట్టదు, నీచు వండిన గిన్నెలో నీళ్ళు కూడా తాగదు. క్రిస్మసు శనివారం నాడు వచ్చిందంటే మా ఇల్లంతా మాంసం వాసన, అందుకని అమ్మ ముందురోజే వాళ్ళింటికి పోయి, వాళ్ళ పొయ్యి మీద, వాళ్ళ బాండలిలో అరిసెలూ మణుగుబూలూ చేసి వాళ్ళ వాటా అక్కడే పెట్టి వచ్చేది. పెద్దమ్మ గడపలో కూర్చుని, చేతులు కడుక్కున్నావా, ఆ కొంగు మీ ఇంట్లో దేనికన్నా తుడిచినావా అని ఒకటే నస. అమ్మ ఇంటికి వచ్చి, ఎంత చేసినా ఆమెకు నా చేతులంటే అనుమానమే అని మండిపడేది, మండిపడుతూనే నవ్వేది.

అదంతా అమృతం అని చెప్పబోవడం లేదు, నా ఈడువాళ్ళు కొందరు పాతకాలం గురించి అలాగే చెబుతారు, నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆదివారపు పాటలను పెద్దమ్మ గోల అనేది. మా నాన్న ఆమెను మార్చాలని ఆమె పోయేదాకా చూశాడు, ఆమె పోయేదాకా మారలేదు. నీ పని చూసుకో అయ్యోరూ అనేది. మళ్ళీ తనే, మీ ఏసయ్య చేపలోళ్ళతో తిరిగినాడంట గదా, మా చేప తింటాడో లేదో కనుక్కుని చెప్పు అని ఎగతాళి చేసేది, నాన్న తింటాడక్కా, ఒడ్డున నిప్పుల మీద కాల్చి పెట్టాడు కూడా అంటే, అయితే మంచోడే అని ఒప్పుకునేది. ఒకరు చెప్పింది ఇంకొకరు నమ్మలేదు. ఎవరు ఏది నమ్మరో మాత్రం ఇద్దరికీ స్పష్టంగా తెలుసు.

పెద్దనాన్న పోయిన రోజు బాగా గుర్తుంది, అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. గుండెనొప్పితో పడవ దగ్గరే కూలిపోయాడు. పాడె కట్టారు. మోసేవాళ్ళు అడుగడుక్కీ గోవిందా అనాలి, అది వాళ్ళ ఆచారం. మా నాన్న పాడె దగ్గరికి పోయి, నేను మోస్తాను, గోవిందా మాత్రం అనలేను అన్నాడు. అంత ఏడుపులో, ఆ మాట విని నేను సిగ్గుతో చచ్చిపోయాను, ఈయన ఇప్పుడు కూడా ఇలా మాట్లాడాలా అని. పెద్దనాన్న తమ్ముడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆయన వైపు చూశాడు.

"నువ్వు మొయ్యి అయ్యోరూ. అనేదానికి మేం ఉండాం."

సరుగుడు తోట అవతలి కాటిదాకా నాన్న ముందు కొమ్ము భుజం మీద పెట్టుకుని మోశాడు. వాళ్ళు గోవిందా అంటుంటే ఈయన పెదవులు ఈయన ప్రార్థన ఈయన చేసుకుంటూ కదులుతూనే ఉన్నాయి. తర్వాత నెల్లూరు నుంచి సంఘం పెద్దలు వచ్చి నిలదీస్తే, వాళ్ళ దగ్గరా అంతే, మోశాను అన్నాడు. పక్కన నడిచానని చెబితే సరిపోయేది. ఆ మనిషికి ఎందుకో సర్దడం చేతకాలేదు.

నాకు చేతనయింది. టీచరు ట్రైనింగు అయి, బోగోలు వైపు బళ్ళలో మొదలుపెట్టి, జిల్లా అంతా తిరిగి, స్టాఫు రూముల్లో ఉద్యోగం చేస్తూ చేస్తూ ఆ విద్య బాగా వంటబట్టింది. బళ్ళో సరస్వతీ పూజ అంటే ఆ రోజుకు సెలవు పెట్టేదాన్ని, బంధువుల పెళ్ళనో, ఒంట్లో బాగాలేదనో. మర్నాడు తోటి టీచర్లు పాపం నా సొరుగులో కాగితంలో చుట్టి ప్రసాదం దాచి ఉంచేవాళ్ళు, అయ్యో నాకోసం ఉంచారా అని ఎంతో సంతోషం నటించి సంచిలో వేసుకుని, బస్టాండులో అడుక్కునే ముసలామె చేతిలో పెట్టేదాన్ని. నేను ప్రసాదం తినను. ఇప్పటికీ తినను, అది మా నాన్న నియమం, నాకూ అదే నమ్మకం. కానీ తిననని ఒక్కరితో కూడా చెప్పలేదు. నా రిటైర్మెంటు సభలో మా హెడ్మాస్టరు గారు మైకులో, ఈ మేడమ్ గారి మతం ఏమిటో ఇన్నేళ్ళలో మాకు తెలియనే లేదు, అంత విశాల హృదయం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయి శాలువా కప్పించుకున్నాను. ఆ మాట మా నాన్న విని ఉంటే అక్కడే కూలబడి ఉండేవాడని అప్పుడు తోచలేదు.

అమ్మానాన్నలు పోయారు, పెద్దమ్మ పోయింది. మేం నెల్లూరులో ఈ ఫ్లాటు కొనుక్కున్నాం, మా ఆయన పోయాక నేనొక్కదాన్నే మిగిలాను. ఆ పాలెంలో మా ఇల్లున్న చోట ఇప్పుడు వేరెవరో ఉన్నారు. అయినా అక్క తన తల్లి పద్ధతి వదల్లేదు. ఏటా గంగమ్మ పొంగలి నాడు తల్లికి పెట్టిన తర్వాత రెండో కుండ పొయ్యి మీద పెట్టడం, అది స్టీలు క్యారియరులో సర్దుకుని మైపాడులో బస్సెక్కి, నెల్లూరులో ఆటో పట్టుకుని నా ఇంటికి తేవడం. వస్తూనే చెప్పులు గుమ్మంలో విసిరేసి, ఏమే, తిను, వేడిగా ఉండాది అని గిన్నె నా ముందు పెట్టి, నేను ప్రార్థన చేసుకునేదాకా ఆగి, తర్వాత ఊరి సంగతులన్నీ ఏకరువు పెట్టేది. నా మోకాళ్ళు పట్టి చూసి, నువ్వు నడవవు, కూర్చుని కూర్చుని బండరాయి అయిపోయినావు అని తిట్టేది. నన్ను తిట్టే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే మిగిలింది.

ఇక ఆ కాగితం సంగతి. మా ఎదురింట్లో ఒక అమ్మాయి ఉంది, చిన్నపిల్లవాడి తల్లి, నన్ను ఆంటీ అంటుంది. ప్రతి పూజకూ, ప్రతి వ్రతానికీ ప్రసాదం పళ్ళెంలో పెట్టి మా తలుపు కొట్టేది. నేను రెండు చేతులా అందుకుని, ఎంత ఓపికమ్మా నీకు అని మెచ్చుకుని, తలుపు వేసుకుని, మర్నాడు పనిమనిషికి ఇచ్చేసేదాన్ని. మా ఇద్దరిళ్ళకూ పనిమనిషి ఒకతే. ఆమె ఏదో మాటల్లో, టీచరమ్మ ఏదీ తినదు, అంతా నాకే ఇచ్చేస్తది అని ఆ అమ్మాయితో అనేసింది, దాంట్లో ఆమె తప్పేముంది. వరలక్ష్మీ వ్రతం నాడు ఉపవాసం ఉండి ఒంటరిగా అన్నేసి పిండివంటలు చేసి తెచ్చిన పిల్ల. నా మొహం మీద ఏమీ అనలేదు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం, ఇష్టం లేనివాళ్ళు తీసుకోకుండా ఉంటే బాగుండేది అని పేరు లేకుండా ఒక మాట పెట్టింది.

దాంతో తేనెతుట్టె కదిలింది. ఒకరు క్రిస్మసు కేకులో గుడ్డు ఉంటుందని చెప్పకుండా ఇచ్చారని, ఒకరు రంజాను సేమియా వెనక్కి పంపారని, పాతవన్నీ పైకి వచ్చాయి. సెక్రటరీ గారు మీటింగు పెట్టి, ఇక ఎవరూ ఎవరికీ పండగ వంటలు పంచవద్దు, బయటి నుంచి వచ్చినవీ గేటు దాటనివ్వద్దు, గొడవే ఉండదు అని తేల్చారు. ఆ మాటనే అందంగా రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. మీరు రాస్తే ఎవరూ ఏమీ అనరు మేడమ్ గారూ, అన్ని మతాలనూ సమానంగా చూసేవారు అన్నారు. ఈ గొడవకు మూలం నేనేనని నాకు తెలుసు. ఎదురు తలుపు కొట్టి, అమ్మా నేను ప్రసాదం తినను, ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను అంటే అయిపోయేది. నేను టేబులు ముందు కూర్చుని, స్వస్తి అనే మాట బాగా కుదిరిందని మురిసిపోతూ ఆ కాగితం రాశాను. గ్రూపులో అందరూ దణ్ణాలూ చప్పట్లూ పెట్టారు. ఎదురింటి అమ్మాయి కూడా పెట్టింది.

తర్వాత కొన్నాళ్ళకే అక్క వచ్చింది. సాయంత్రం కింద నుంచి వాచ్‌మెను ఫోను చేస్తే లిఫ్టులో దిగాను. అక్క గేటు పక్కన నిలబడి ఉంది, మొహానికి పసుపు, కొప్పులో వేపాకు రెమ్మ, చేతిలో క్యారియరు, బస్సులో నిలబడి వచ్చిందేమో చీరంతా నలిగిపోయి ఉంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఏందిమే, వీడు నన్ను లోపలికి పోనియ్యడంట. పండగ తిండి పైకి పంపగూడదంట. నువ్వన్నా చెప్పు వీడికి."

కింద కుర్చీల్లో సెక్రటరీ గారు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. ట్యూషను నుంచి వచ్చిన పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని ఎదురింటి అమ్మాయి కూడా అక్కడే ఉంది, మావైపే చూస్తోంది. ఆ క్యారియరు నేను అందుకోవాలంటే ఆ అమ్మాయి ముందు ఒక్క మాట చెప్పాలి. ఇది దేవతకు పెట్టింది కాదు, అందుకని తింటాను, నీది దేవుడికి పెట్టింది, అందుకని తినలేదు. అంతే. మా నాన్న అయితే ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా చెప్పేసేవాడు. నాకు మాత్రం ఇన్నేళ్ళ పేరు అంతా ఆ పిల్ల కళ్ళ ముందు పోతుందనిపించింది.

రూలు అందరికీ ఒకటే గదక్కా, ఏమీ అనుకోవద్దు అన్నాను. క్లాసులో పిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అక్కకు మొదట అర్థం కాలేదు. నేను పరాచికాలాడుతున్నాననుకుని నవ్వబోయి ఆగింది. ఎవురు పెట్టినారు ఈ రూలు అని అడిగింది. సెక్రటరీ గారు పాపం గౌరవంగానే, మేడమ్ గారే రాశారమ్మా, చాలా చక్కగా రాశారు అన్నారు. అక్క నా మొహంలోకి చూసింది. అట్నా అంది. క్యారియరు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, గేటు దాటి, రోడ్డు మీద ఆటో కోసం కూడా ఆగకుండా నడుచుకుంటూ పోయింది. పైకి రా, మంచినీళ్ళు తాగి పో అని కూడా నేను అనలేదు. ఆ దుర్మార్గం రూల్లో కూడా లేదు, నా సొంతం.

ఆ వారంలోనే ఎదురింటి తలుపు కొట్టాను. నిలబడే ఉండి, మా నాన్న నియమం దగ్గర నుంచి పనిమనిషి దాకా అంతా చెప్పేశాను. ఇప్పటి పిల్లలు, ఎలా తీసుకుంటుందోనని భయపడుతూనే చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని, ముందే చెప్పుంటే మీకు దేవుడి దగ్గర పెట్టకుండా విడిగా చేసి ఇచ్చేదాన్ని గదా ఆంటీ, దానికేముంది అంది. ఎంత మామూలుగా అంది. కాలం మారిపోయింది, మనుషులు మునుపటిలా లేరు అని మన ఈడువాళ్ళం రోజూ చెప్పుకుంటాం, నేనూ ఆ మాట వెనకే దాక్కుందామనుకున్నాను, ఆ పిల్ల ఆ చోటు కూడా లేకుండా చేసింది. కాగితం తీసేయమని సెక్రటరీ గారిని అడిగితే, అందరూ ఒప్పుకున్నాక ఎలా తీస్తాం మేడమ్ గారూ, అయినా అంత బాగా రాశారు అన్నారు.

తర్వాతి ఆదివారం మందిరం నుంచి నేరుగా మైపాడు బస్సెక్కాను. అక్క వాకిట్లో చేపలు ఎండబోస్తోంది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని వచ్చి, లోపల నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాన్ని కొంగుతో తుడిచి, కూర్చోండి అంది. నా వెనక ఇంకెవరో వచ్చారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

కోడలిని అంగడికి పంపి కూల్‌డ్రింకు తెప్పించింది. సీసా మూత నా ఎదురుగానే తీయించింది.

"మీకు ఏం పడతాదో ఏం పడదో మాకు తెలవదు గదా. అందుకని అంగట్లోది తెప్పించినా."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే ఎంత బాగుండేదో. తప్పయిపోయింది అక్కా అని ఆమె చెయ్యి పట్టుకున్నాను, ఏడుపు ఆగలేదు, ఆ రోజు అక్కడ ఎవరెవరున్నారో, నాకు ఎందుకు నోరు రాలేదో అంతా చెప్పాను, తిట్టవే నన్ను అని బతిమాలాను. చెయ్యి లాక్కోలేదు. బడికి తనిఖీకి వచ్చిన ఆఫీసరును చూసి మా ఆయాలు నవ్వేవాళ్ళే, ఆ నవ్వు నవ్వింది. అబ్బే, దాందేముంది, ఎవురి నమ్మకం వాళ్ళది, మేము గూడా చూసుకోవాల గదా, ఇంతకాలం ఊరికే మిమ్మల్ని ఇబ్బంది పెట్టినాం అంది. నేను లిఫ్టులో రాసి పెట్టిన దాంట్లోంచి ఒక్క ముక్క పొల్లుపోలేదు. కూల్‌డ్రింకు మొత్తం తాగాను.

మా నాన్న ఆ వీధిలో తిననన్నాడు, అననన్నాడు, నమ్మనన్నాడు, అయినా ఆయన పోయిననాడు ఆ పాలెంలో ఒక్క పడవ వేటకు పోలేదు. నేను పుట్టి బుద్ధెరిగి ఎవరినీ కాదన్నది లేదు. మా అక్కాచెల్లెళ్ళ మధ్య ఇంతకాలం ఒకటే ఉండేది, ఏం తింటావే, ఎందుకు తినవే అని మొహం మీద అడగడం. నేను పెంచుకున్న మర్యాద దాన్ని కాస్తా తినేసింది. ఇక ఆమె నన్ను అడగదు, తిట్టదు, నా మోకాళ్ళ గురించి ఒక్క మాట అనదు.

బస్సు దాకా అక్క నాతో వచ్చింది. కొంచెం ఎడంగా నడిచింది, కొంచెం ఎడంగానే నిలబడింది. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, జాగర్తగా పోయిరండి అంది. ఆ మాటలో వంకపెట్టడానికి ఏమీ లేదు.